పైన నది... అడుగున కడలి

ఫిబ్రవరి నెల. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో లా బే అనే ఊరు. ఊరి ముందు నీళ్లన్నీ గడ్డకట్టాయి. ఆ మంచు మీద రంగురంగుల చెక్క గదులు వరుసలు తీరి మరో ఊరే వెలిసింది. ఒక్కో గదిలో వెచ్చటి పొయ్యి, దాని పక్కనే మంచులో తొలిచిన రంధ్రం. అందులోకి గాలం వదిలి ఓపిగ్గా కూర్చుంటే పైకొచ్చేది నదిచేప కాదు. ఎర్రటి ఒళ్లు, మిటకరించిన గుడ్లు... లోతు సముద్రంలో బతికే సెబాస్ట్!

ఈ నీళ్లు సెయింట్ లారెన్స్ నదిలో కలిసే చోటు అక్కడికి దాదాపు వంద కిలోమీటర్లు. మరి సముద్రపు చేప ఎలా వచ్చింది?

రెండు నీళ్ల కాపురం

మంచుయుగంలో హిమానీనదం కొండలను లోతుగా కోసుకుంటూ సాగింది. మంచు కరిగాక ఆ లోయలోకి సముద్రం చొరబడింది. అదే సాగ్నే ఫియర్డ్. కొన్నిచోట్ల దాని లోతు సుమారు 270 మీటర్లు. సాన్ జాన్ సరస్సు నుంచి దిగే మంచినీరు తేలిక కాబట్టి పైపైన పారుతుంది. ప్రతి పోటుకీ లోపలికొచ్చే చల్లటి ఉప్పునీరు అడుగున ఉండిపోతుంది. చలికాలంలో పైనున్న నది గడ్డకడుతుంది, కిందున్న కడలి చేపలనిస్తుంది. ఇక్కడి అందాల్లో చాలావరకు ఈ రెండు నీళ్ల పొత్తులోంచి పుట్టినవే.

వేసవి: తెల్లని తల్లులు

జూన్ దాటితే లాన్స్ సాన్ జాన్ పల్లె నుంచి కయాక్‌లు బయల్దేరతాయి. నిట్టనిలువు కొండల నీడలో తెడ్డు వేస్తుంటే మనిషి ఎంత చిన్నవాడో తెలిసొస్తుంది. నీళ్లు వేసవిలోనూ ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లన. గైడ్ ఇచ్చే వెట్‌సూట్ వేసుకోవాల్సిందే.

బెలూగా తిమింగలాలను చూడాలంటే మాత్రం పడవ వద్దు. సెయింట్ మార్గరీట్ అఖాతం ఒడ్డున అడవి బాటలో సుమారు మూడు కిలోమీటర్లు నడిస్తే చాలు. తల్లులు పిల్లలను వెంటేసుకుని ఆ అఖాతంలోకి వస్తాయి. ఒకప్పుడు వేలల్లో ఉన్న ఇక్కడి బెలూగాలను వేట కుదేలు చేసింది. 1979లో వేటను నిషేధించినా ముప్పు తొలగలేదు. 1998లో ఏర్పడిన సముద్ర సంరక్షణ పార్కులో పడవలు వాటికి 400 మీటర్ల దూరం పాటించాలి. దూరం నుంచి చూడటమే వాటికి మనం చేయగల మేలు.

ఆకురాలు కాలం: మొక్కు తీర్చిన కొండ

సెప్టెంబరు చివర అడవి ఎర్రబడుతుంది. కాప్ ట్రినిటే కొండ ఎక్కడానికి అదే అదను. 1878లో రోబిటాయ్ అనే వ్యాపారి మంచు విరిగి నదిలో పడ్డాడు. బతికి బయటపడితే మరియమాతకు విగ్రహం పెట్టిస్తానని మొక్కుకున్నాడు. శిల్పి లూయీ జోబాన్ చెక్కతో మలిచి సీసపు రేకు తొడిగిన ఆ తొమ్మిది మీటర్ల విగ్రహం 1881 నుంచి కొండ మీద నిలిచి ఉంది.

శీతాకాలం: మంచు దయ్యాలు

వాలిన్ కొండల్లో చెట్లు మంచు కప్పుకుని దయ్యాల్లా నిలబడతాయి. అందుకే అది ‘దయ్యాల లోయ’. పాదాలకు మంచు చెప్పులు కట్టుకుని నడవాలి.

వేసవిలో తెడ్డు వేసినవాళ్లు చలికాలంలో ఇంకోసారి రావాలి. అప్పుడు తేలిన నీటి మీదే ఇప్పుడు నడుస్తారు. రంధ్రం పక్కన కూర్చుని గాలం తాడు వదులుతుంటే అది ముందు నదిని దాటి, ఆపైన సముద్రాన్ని తాకుతుంది.