తుప్పు దాస్తే బేరం నిలవదు!

"ఆడదానివి, పాత స్కూటర్ల వ్యాపారమేందమ్మా? చీరలో పచ్చళ్లో అమ్ముకోరాదా?"

నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు మా ముత్తుకూరులో ఈ మాట అడగని వాళ్లు లేరు. మా అత్తమ్మయితే రెండ్రోజులు నాతో మాట్లాడనే లేదు.

అసలు కథ మా నాన్న చేతక్‌తో మొదలైంది. ఆయన పోయాక ఆరేళ్లు అది అమ్మవాళ్లింటి వసారాలో గోనెపట్టా కప్పుకుని పడి ఉంది. పాత సామాన్లవాడు 1,500 ఇస్తానన్నాడు. మనసొప్పలేదు. నెల్లూరు నుంచి మెకానిక్ భాయ్‌ని పిలిపించాను. కార్బురేటర్ కడిగి, ప్లగ్గు మార్చి, నాన్న చేసినట్టే బండిని ఓ పక్కకు వంచి కిక్కు కొడితే నాలుగో దెబ్బకు అందుకుంది. ఆ చప్పుడు విని అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

ఆ వారంలోనే ముగ్గురు అడిగారు, "అమ్ముతారా?" అని. నాన్న బండి అమ్మలేదు గానీ, నా బుర్రలో ఆలోచన మాత్రం పడింది.

చేతక్ అంటే మన తరానికి చెప్పనక్కర్లేదు. రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టి 1972లో బజాజ్ వాళ్లు తెచ్చిన ఈ స్కూటర్ కోసం ఒకప్పుడు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూశారు. తర్వాత పెట్రోలు చేతక్ తయారీ ఆగిపోయింది. 2020లో అదే పేరుతో వచ్చింది కరెంటు బండి. అయినా రొయ్యల గుంటల దగ్గరికి మేత బస్తా ముందు పెట్టుకుపోయేవాళ్లకు, పంక్చరైతే స్టెపినీ చక్రం తామే మార్చుకునేవాళ్లకు ఆ పాత బండే ఇష్టం. అలాంటివాళ్ల కోసం వాడకుండా మూలపడ్డ బండ్లు కొని, బాగుచేయించి అమ్మసాగాను. సామాన్లు దొరక్కపోతే రైలెక్కి మద్రాసు పుదుపేటకు వెళ్లేదాన్ని.

రెండో బండి దగ్గరే తప్పు చేశాను. దాని ఫుట్‌బోర్డు కింద బాగా తుప్పు పట్టింది. మాది సముద్రపు గాలి, ఇనుమును ఊరికే వదలదు. "రేకు మారిస్తే ఖర్చక్కా, లప్పం పెట్టి రంగు కొడితే ఎవరికీ తెలీదు" అన్నాడు పెయింటరు. నేను సరేనన్నాను. ఒక అంగన్‌వాడీ టీచరు 18,000కి కొనుక్కుంది. వానాకాలంలో కృష్ణపట్నం రోడ్డు మీద గోతిలో పడేసరికి ఆమె కాలి కింద రేకు విరిగింది. మోకాలు చెక్కుకుపోయింది. ఇంకేమన్నా అయ్యుంటే?

ఆమె వచ్చి అరవలేదు. "తెలిసే ఇచ్చినావా అక్కా?" అని మాత్రం అడిగింది.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. గాజులు కుదువబెట్టి ఆమె డబ్బు ఆమెకిచ్చేశాను. ఆ రాత్రి ఈ పని మానేద్దామనుకున్నాను. పొద్దున్నే అత్తమ్మే అంది: "చేసిన తప్పు ఒప్పుకున్నావుగా. ఇక సరిగ్గా చెయ్యి."

అప్పటినుంచి రంగు వేయకముందే బండిని పడుకోబెట్టి అడుగుభాగం కొనేవాళ్లకు చూపిస్తాను. మార్చిన రేకు, మార్చని రేకు, అన్నీ కాగితం మీద రాసిస్తాను. లాభం తగ్గింది, నిజమే. కానీ మొన్న సంక్రాంతికి ఆ టీచరమ్మే వాళ్ల తమ్ముణ్ణి నా దగ్గరికి పంపింది!

మీలో ఎవరైనా ఇలాంటి పనిలోకి దిగాలనుకుంటే, లేదా ఇంటికో పాత బండి కొనుక్కోవాలనుకుంటే, నేను నేర్చుకున్నవి నాలుగు మాటలు:

* ముందు కాగితాలు, తర్వాతే ఇంజను. సొంత బండి ఆర్‌సీ 15 ఏళ్లు. ఆ తర్వాత తనిఖీ చేయించి 5 ఏళ్లకోసారి పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనానికి ఈ ఫీజును 2025లో 2,000 రూపాయలు చేశారు. ధర మాట్లాడేటప్పుడు ఇదీ లెక్క వేసుకోండి.

* రిజిస్టరైన బండ్లు కొని అమ్మే డీలర్లు రవాణాశాఖ అనుమతి తీసుకోవాలని 2023 ఏప్రిల్ నుంచి నిబంధన వచ్చింది. కొన్నవారి పేరుకు బండి మారేదాకా వదలకండి. మారకపోతే రేపు ఏ కేసయినా పాత యజమాని మెడకే.

* 50 ఏళ్లు దాటిన బండికి 'వింటేజ్' నంబరు తీసుకుంటే గొప్పగానే ఉంటుంది గానీ, 2021 నాటి నిబంధనల ప్రకారం దాన్ని రోజూ రోడ్డు మీద నడపకూడదు. రోజూ తిరగాలనుకుంటే మామూలు ఆర్‌సీయే ఉంచుకోండి.

* ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను పాడుచేస్తుంది, తేమనూ పీలుస్తుంది. వాటిని మార్పించండి. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచకండి.

* బ్రేకులు, టైర్లు, లైట్లు చూడకుండా రంగు చూసి మోసపోవద్దు. సముద్రం దగ్గరుండేవాళ్లు వారానికోసారైనా మంచినీళ్లతో అడుగున కడిగి ఆరబెట్టండి.

ఇప్పుడు మా వసారాలో ఎప్పుడూ రెండు మూడు బండ్లుంటాయి. నాన్న చేతక్ మాత్రం నాదే. గాజులు విడిపించడానికి నెల్లూరు వెళ్లింది దాని మీదే. వెనక సీట్లో కూర్చుంది ఎవరనుకున్నారు? మా అత్తమ్మ!