పాత ఇల్లు కొంటున్నారా? అమ్మేవాళ్లు ఏమేం చెప్పాలి, కరెంటు బిల్లు ఎందుకు చూడాలి: ఖరగ్‌పూర్ నుంచి ఒక పరిశీలన

2024 ఏప్రిల్ 30న ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న కలైకుండాలో 47.2 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. అలాంటి ఎండల్లో ఏసీ కొనడానికి షాపుకెళ్లిన వాళ్లు ముందు చూసేది దాని మీద ఉన్న స్టార్ లేబుల్. ఎన్ని స్టార్లు, ఏడాదికి ఎంత కరెంటు కాలుతుంది అన్నది దాని మీద ఉంటుంది. ఆ లేబుల్ లేకుండా ఏసీ అమ్మడానికి వీల్లేదు.

ఆ ఏసీ బిగించే ఇంటికి మాత్రం అలాంటి కాగితం ఏదీ లేదు. స్లాబు ఎంత వేడెక్కుతుంది, వానాకాలంలో ఏ గోడ చెమ్మెక్కుతుంది, ఆ స్థలం ఒకప్పుడు చెరువా, పత్రాలు బ్యాంకులో ఉన్నాయా... లక్షల రూపాయలు పోసి పాత ఇల్లు కొనేవాళ్లకు ఇవన్నీ అడిగితే తెలుస్తాయి. అడగకపోతే గృహప్రవేశం అయ్యాక తెలుస్తాయి.

కొన్ని దేశాల్లో ఇల్లు అమ్మకానికి పెట్టే ముందే ఈ వివరాలతో ఒక నివేదిక సిద్ధం చేయడం తప్పనిసరి. దానివల్ల నిజంగా ఉపయోగం ఉందా? అలాంటి నిబంధన లేని చోట కొనేవాళ్లు ఏం చేయొచ్చు?

ఖరగ్‌పూర్‌లో ఈ ప్రశ్న ఎందుకు?

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఖరగ్‌పూర్‌కు తెలుగువాళ్ల వలస ఉంది. వర్క్‌షాపులో, రన్నింగ్ స్టాఫ్‌లో, ఆఫీసుల్లో తరాలుగా పనిచేసిన కుటుంబాలు ఇక్కడున్నాయి. 2020 డిసెంబర్‌లో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించడం వెనుక ఉన్నది కూడా ప్రధానంగా ఈ ఊరి తెలుగువాళ్లే.

రైల్వే ఉద్యోగి సర్వీసంతా క్వార్టర్స్‌లో గడిచిపోతుంది. అక్కడ పైకప్పు కారితే ఫిర్యాదు రాయడమే తప్ప, ఇంటి పత్రాలు చూడాల్సిన అవసరం రాదు. ఆ అవసరం రిటైర్మెంట్‌తో ఒక్కసారిగా వస్తుంది. నిర్ణీత గడువులో క్వార్టర్ ఖాళీ చేయాలి. ఖాళీ చేసేదాకా గ్రాట్యుటీ చేతికి పూర్తిగా రాదు. మాలంచ, ఖరిదా, ఇందా, సుభాష్‌పల్లి లాంటి చోట్ల ఇల్లు వెతుక్కునే కుటుంబం తొందరలో ఉంటుంది. తొందరలో ఉన్నవాళ్లు ప్రశ్నలు తక్కువ అడుగుతారు.

ఇటు అమ్మేవాళ్లలోనూ తెలుగువాళ్లుంటారు. పిల్లలు విశాఖపట్నంలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడితే, పెద్దవాళ్లు ఇక్కడి ఇల్లు అమ్మి వెళ్లిపోతారు. ఆ తర్వాత ఏదైనా గొడవ వస్తే కోర్టు పని మీద మళ్లీ రైలెక్కి రావాల్సింది వాళ్లే.

చట్టం ఏం చెబుతోంది?

లోపాలు చెప్పాల్సిన బాధ్యత భారతదేశంలో కొత్తదేమీ కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ఈ విషయమే చెబుతుంది. ఆస్తిలో గానీ, దానిపై హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవాళ్లకు తెలిసి, కొనేవాళ్లకు తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడనిదైతే, అమ్మేవాళ్లు దాన్ని చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని ఆ సెక్షనే మోసపూరితం అంటోంది. కొనేవాళ్లు అడిగితే హక్కు పత్రాలు చూపించాలి. ఆస్తి గురించి, హక్కు గురించి వేసిన సంబంధిత ప్రశ్నలకు తెలిసినంత వరకు జవాబు చెప్పాలి.

అయితే ఇందులో మూడు చిక్కులున్నాయి.

మొదటిది, పత్రాలు చూపడం, జవాబు చెప్పడం కొనేవాళ్లు అడిగినప్పుడే. అడగని ప్రశ్నకు జవాబు రాదు. ఫలానా ఫారం నింపి ఇవ్వాలని చట్టంలో ఎక్కడా లేదు.

రెండోది, ‘తెలిసి దాచారు’ అని నిరూపించడం. గోడకు రంగు వేసి చెమ్మ మచ్చ కప్పేశారని కొన్నవాళ్లు అంటే, అది మాకే తెలియదని అమ్మినవాళ్లు అంటారు. మాట్లాడుకున్నదంతా నోటి మాటే అయితే తేల్చడం కష్టం. మామూలు జాగ్రత్తతో తెలిసే విషయమైతే తప్పు కొన్నవాళ్లదే అవుతుంది. రిజిస్టరైన పత్రంలో ఉన్న విషయం కొనేవాళ్లకు తెలిసినట్టే చట్టం భావిస్తుంది.

మూడోది, ఈ బాధ్యతలు వేరే ఒప్పందం లేనప్పుడే వర్తిస్తాయి. ‘ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను, తర్వాత ఎలాంటి అభ్యంతరం చెప్పను’ అన్న వాక్యం అగ్రిమెంట్‌లో ఉంటే, సంతకం చేసే ముందు దాని అర్థం లాయరును అడగాలి.

మరి రెరా ఉంది కదా అనిపించొచ్చు. 2016 నాటి ఆ చట్టం ప్రకారం, స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డర్ బాగుచేయాలి. పశ్చిమ బెంగాల్ దీనికి బదులు తెచ్చుకున్న సొంత చట్టాన్ని 2021 మేలో సుప్రీంకోర్టు కొట్టేసింది. కానీ రెరా ప్రధానంగా ప్రాజెక్టు కట్టి అమ్మే వాళ్లకు సంబంధించింది. ఒక కుటుంబం తాము ఉంటున్న పాత ఇంటిని ఇంకో కుటుంబానికి అమ్మితే, మళ్లీ 1882 చట్టం దగ్గరికే రావాలి.

బయటి దేశాల అనుభవం

ఈ విషయంలో పక్కపక్కనే ఉన్న ఇంగ్లండ్, స్కాట్లండ్ రెండు వేర్వేరు పాఠాలు చెబుతాయి.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2007లో ‘హోమ్ ఇన్ఫర్మేషన్ ప్యాక్’ తప్పనిసరి చేశారు. హక్కు పత్రాలు, స్థానిక సంస్థల రికార్డుల తనిఖీ, విద్యుత్-ఇంధన సామర్థ్య సర్టిఫికేట్ అందులో ఉండేవి. కానీ కొనేవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ కావాల్సింది ఇంటి స్థితిపై నిపుణుడి నివేదిక. దాన్ని ప్రారంభానికి ముందే తప్పనిసరి జాబితా నుంచి తీసేశారు. దాంతో ప్యాక్ ఉన్నా కొనేవాళ్లు సొంతంగా మళ్లీ సర్వే చేయించుకోవాల్సి వచ్చింది. ఖర్చు మిగిలింది, ఉపయోగం తగ్గింది. 2010 మేలో ప్రభుత్వం మారగానే ఆ ప్యాక్‌ను పక్కన పెట్టేశారు. పదేళ్లు చెల్లే ఇంధన సర్టిఫికేట్ మాత్రం మిగిలింది.

స్కాట్లండ్‌లో 2008 డిసెంబర్ 1న మొదలైన ‘హోమ్ రిపోర్ట్’ మాత్రం ఆగలేదు. అందులో మూడు భాగాలున్నాయి. ఒకటి, సర్వేయర్ ఇల్లంతా చూసి, ఏ మరమ్మతు ఎంత అత్యవసరమో 1, 2, 3 అంకెలతో చెప్పే సర్వే. రెండు, ఇంధన నివేదిక. మూడు, అమ్మేవాళ్లు స్వయంగా నింపే ప్రశ్నావళి. ఇంట్లో ఏం మార్పులు చేశారు, వాటికి అనుమతులున్నాయా, వరదనీళ్లు ఎప్పుడైనా వచ్చాయా, నోటీసులేమైనా అందాయా అన్నవి అందులో రాయాలి. ఇల్లు అమ్మకానికి పెట్టేనాటికి నివేదిక 12 వారాలకు మించి పాతది కాకూడదు.

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువాళ్లకు కూడా ఇలాంటి కాగితం పరిచయమే. కాలిఫోర్నియాలో 1987 నుంచి అమ్మేవాళ్లు తమకు తెలిసిన లోపాలను నిర్ణీత ఫారంలో రాసి సంతకం చేస్తున్నారు.

ఇంగ్లండ్ ప్యాక్‌కూ స్కాట్లండ్ నివేదికకూ తేడా కాగితాల మందంలో లేదు. కొనేవాళ్ల అసలు ప్రశ్నకు స్కాట్లండ్ నివేదిక జవాబు ఇచ్చింది. ఆ జవాబు కింద ఒకరి సంతకం ఉంది.

ఇంటి వేడికి కూడా లెక్క ఉంది

ఇంధన నివేదిక అనగానే చలి దేశాల వ్యవహారం అనిపిస్తుంది. అక్కడ ఇల్లు వెచ్చబెట్టే ఖర్చు ఎంతో చెప్పడానికి అది పుట్టింది. ఇక్కడ లెక్క చల్లబరచడానికి.

కాంక్రీటు స్లాబు పగలంతా ఎండను తాగి, రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. పడమటి గోడకు నీడ లేకపోతే సాయంత్రం ఆ గదిలో కూర్చోలేరు. ఒకే వీధిలో ఒకే సైజున్న రెండు ఇళ్లలో ఒకదానికి పైన ఇంకో అంతస్తు, పడమట చెట్టు ఉంటే, రెండోదానికి ఏమీ లేకపోతే, వేసవి కరెంటు బిల్లులో తేడా ఏటా కనిపిస్తుంది. ఇల్లు చూడటానికి డిసెంబర్‌లో వెళ్లినవాళ్లకు ఆ తేడా తెలియదు.

దీన్ని కొలిచే పద్ధతి దేశంలో ఉంది. 2018లో వచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ గోడలు, కిటికీల గుండా లోపలికొచ్చే వేడికీ, పైకప్పు గుండా వచ్చే వేడికీ పరిమితులు పెట్టింది. 2019లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇళ్లకూ స్టార్ లేబుల్ పథకం ప్రకటించింది, కానీ అది స్వచ్ఛందం. ఇంధన పొదుపు చట్టానికి 2022లో చేసిన సవరణ పెద్ద నివాస భవనాలనూ కోడ్ పరిధిలోకి తెచ్చింది. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది.

అయితే ఇవన్నీ ఎక్కువగా కొత్త నిర్మాణాల కోసం, పెద్ద స్థలాల కోసం. ఎకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాలకు. అంటే ఇక్కడి లెక్కలో దాదాపు ఏడున్నర కఠాలు. రెండు మూడు కఠాల్లో కట్టిన పాత ఇల్లు చేతులు మారేటప్పుడు ఇంధన నివేదిక అడిగే నిబంధన లేదు.

అందుకని దగ్గరి దారి కరెంటు బిల్లులు. ఒక్క నెలది కాదు, ఏడాది మొత్తానివి. మార్చి నుంచి జూన్ దాకా వాడిన యూనిట్లను చలికాలం యూనిట్లతో పోలిస్తే ఇంటిని చల్లబరచడానికి ఎంత ఖర్చవుతోందో అంచనా వస్తుంది. దీనికీ పరిమితి ఉంది. ఇద్దరు పెద్దవాళ్లు ఒక్క ఫ్యానుతో ఉన్న ఇంటి బిల్లు తక్కువగానే ఉంటుంది. కాబట్టి ఎంతమంది ఉండేవారు, ఎన్ని ఏసీలు వాడేవారు అన్నది కూడా అడగాలి. ఇంకో పరీక్షకు పైసా ఖర్చు లేదు: ఎండ రోజున మధ్యాహ్నం మూడింటికి వెళ్లి పై అంతస్తు గదిలో పావుగంట కూర్చోవడం.

కొనేవాళ్లు ఏమేం అడగాలి?

ఆంధ్రలో అడంగల్, పాస్‌బుక్, ఈసీ అని అలవాటైన వాళ్లకు బెంగాల్ రికార్డుల పేర్లు కొత్తగా ఉంటాయి. ఇక్కడ ఖతియాన్, పర్చా, దాగ్ నంబరు. ఇక్కడ డెసిమల్ అంటే అక్కడి సెంటే. కఠా అంటే మామూలుగా 720 చదరపు అడుగులు, అంటే 80 గజాలు. రికార్డులు బెంగాలీలో ఉంటాయి కాబట్టి చదవగలిగిన వాళ్లను వెంట తీసుకెళ్లడం మంచిది.

బయానా ఇచ్చే ముందు ఈ ప్రశ్నలు కాగితం మీద పెట్టి, జవాబులు రాయించి, సంతకం తీసుకోవచ్చు:

• స్థలం ఎవరి పేరున ఉంది? బీఎల్ఆర్ఓ ఆఫీసులో మ్యుటేషన్ అయిందా? రైల్వే లేదా ప్రభుత్వ స్థలం ఏమైనా కలిసి ఉందా?

• రికార్డులో భూమి తరగతి ఏమిటి? ‘బాస్తు’ అంటే నివాస స్థలం. ‘పుకుర్’ అని ఉంటే అది చెరువు. చెరువు పూడ్చడంపై రాష్ట్రంలో నిషేధం ఉంది.

• అసలు యజమాని చనిపోయి ఉంటే వారసులెవరు? తండ్రి స్వార్జితం, వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యతో పాటు కొడుకులకూ కూతుళ్లకూ, తండ్రి తల్లి బతికుంటే ఆమెకూ సమాన వాటా ఉంటుంది. పెళ్లై శ్రీకాకుళంలో ఉంటున్న కూతురి సంతకం కూడా కావాలి.

• ఒరిజినల్ పత్రాలు ఎక్కడున్నాయి? పత్రాలు తాకట్టుపెట్టి తీసుకున్న అప్పు రిజిస్ట్రీలో కనిపించకపోవచ్చు. బ్యాంకు అప్పుల కోసం సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలోనూ వెతకాలి.

• అమ్మేది యజమానా, పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవారా? ఆ కాగితం ఒక్కదానితోనే యాజమాన్యం బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రిజిస్టరైన సేల్ డీడ్ ఉండాల్సిందే.

• మున్సిపాలిటీ ప్లాన్ ఉందా? తర్వాత వేసిన అంతస్తుకు అనుమతి ఉందా? హోల్డింగ్ ట్యాక్స్, కరెంటు బకాయిలున్నాయా?

• గత ఐదేళ్లలో ఎక్కడ కారింది, ఎక్కడ చెమ్మెక్కింది, ఏం బాగు చేయించారు? వానాకాలంలో వీధిలో నీళ్లు నిలుస్తాయా?

• ఏడాది కరెంటు బిల్లులు, బోరు వివరాలు ఇవ్వగలరా?

ఈ జవాబుల కాగితాన్ని సేల్ అగ్రిమెంట్‌కు జతచేసి, ‘ఇందులోని వివరాలు నిజమని నమ్మి కొంటున్నాను’ అన్న వాక్యం చేర్పిస్తే దాని విలువ పెరుగుతుంది. తర్వాత వివాదం వస్తే ఎవరు ఏం చెప్పారన్నది వెతకనక్కర్లేదు.

అమ్మేవాళ్లకు నష్టమా?

లోపం చెబితే ధర తగ్గుతుందన్నది అమ్మేవాళ్ల భయం. కొంత తగ్గొచ్చు కూడా. కానీ ఆ బేరం బయానాకు ముందే అయిపోతుంది. దాచిన లోపం బయానా తర్వాత బయటపడితే బేరం చెడుతుంది, రిజిస్ట్రేషన్ తర్వాత బయటపడితే నోటీసు వస్తుంది. కొనేవాళ్లకు ముందే తెలిసిన లోపాన్ని మాత్రం తర్వాత దాచారనడానికి ఉండదు.

తప్పనిసరి నివేదికకు ఖర్చుంటుంది. చిన్న ఊళ్లలో ఇల్లు పరీక్షించి నమ్మకంగా రాసిచ్చే నిపుణులు కావాలి. ఆ ఏర్పాటు లేకుండా నిబంధన మాత్రమే తెస్తే అది సంతకాల తంతుగా మారొచ్చు. ఇంగ్లండ్ ప్యాక్‌లా కొనేవాళ్లకు అక్కరకు రాని కాగితాల కట్టగా మిగలొచ్చు. కానీ అమ్మేవాళ్లు తమకు తెలిసింది రెండు పేజీల్లో రాసివ్వడానికి నిపుణులు అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. పాత చట్టం ఇప్పటికే చెప్పమంటున్నది అదే. కొనేవాళ్లు చేయాల్సింది అడగడం, జవాబును రాతలో తీసుకోవడం.