ప్యారిస్ అమ్మాయి పెళ్లికి వెళ్లొచ్చాను

"పెళ్లికి నువ్వు రావాల్సిందే అక్కా. రాకపోతే నీతో మాట్లాడను."

ఫోన్లో ఇలా తెలుగులో బెదిరిస్తే ఎవరో మన చుట్టాలమ్మాయే అనుకుంటారు. కాదండీ, పదహారణాల ఫ్రెంచి పిల్ల! పదేళ్ల క్రితం ఉప్పాడ జాందానీ నేత నేర్చుకోవడానికి వచ్చి, కాకినాడలో మా మేడ మీద గదిలో ఆరు నెలలు అద్దెకుంది. మా వీధి వాళ్లందరికీ ఆమె "ప్యారిస్ అమ్మాయి". నిజానికి ఆమెది ప్యారిస్ కాదు, లువార్ నది ఒడ్డున తూర్ పట్నం దగ్గర చిన్న పల్లెటూరు. ఎన్నిసార్లు చెప్పినా మావాళ్లు వింటేగా! మా అత్తయ్య దగ్గర పప్పుచారు నేర్చుకుంది, నా దగ్గర తెలుగు నేర్చుకుంది. వెళ్లిపోయాక కూడా ఉత్తరం ముక్కో, ఫోనో మానలేదు.

శుభలేఖ అయితే వచ్చింది. మరి వెళ్లడమో? పెళ్లయిన పదిహేనేళ్లలో నేను ఒంటరిగా చేసిన దూర ప్రయాణం విజయవాడ దాకానే. అత్తయ్య ముందు బుగ్గలు నొక్కుకుంది. "వాళ్లకి మూడేళ్ల పిల్లాడున్నాడు కదే! ఇప్పుడు పెళ్లేమిటి?" అంది. అక్కడ 1999 నుంచి పెళ్లి కాకుండానే ఇద్దరూ కలిసి బతకడానికి ఒక ఒప్పందం రాసుకునే చట్టం ఉందనీ, ఆ దేశంలో పుట్టే పిల్లల్లో సగానికి పైగా పెళ్లి కాని జంటలకే పుడుతున్నారనీ చెప్పాను. "ఏం దేశమో" అంది. కానీ మర్నాడు తనే, "వెళ్లిరా. పిల్లల్ని నేను చూసుకుంటాలే" అంది.

వీసా పని మొదలుపెట్టాక తెలిసింది, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లు వీసా తెచ్చి చూడు అని కూడా అనాల్సింది. నేను తమ ఇంట్లో ఉంటానని స్నేహితురాలు వాళ్ల ఊరి మేయరు కార్యాలయం నుంచి ధ్రువపత్రం తీసి పంపింది. కనీసం ముప్పై వేల యూరోలకు సరిపడే ప్రయాణ బీమా, రానుపోను టిక్కెట్ల వివరాలు, రుసుము 90 యూరోలు, వేలిముద్రలివ్వడానికి హైదరాబాదు ప్రయాణం. ఇవన్నీ ఒక ఎత్తు, బ్యాంకు కాగితాలొక ఎత్తు. వృత్తి అన్నచోట "గృహిణి" అని రాశాను. రాసిన కథలకు అప్పుడప్పుడూ వచ్చే పారితోషికాన్ని ఏ వృత్తి కింద రాయను? నా పేరున ఉన్న ఖాతాలో ఎనిమిది వేల చిల్లర ఉంది. కాబట్టి మావారి ఖాతా వివరాలు, ఖర్చులన్నీ తానే భరిస్తానని మావారి సంతకం. ఆయన ఒక్క మాట కూడా అనకుండా సంతకం చేశారు. అయినా ఆ కాగితం చేతిలోకి తీసుకున్నప్పుడు మనసు ఎందుకో చివుక్కుమంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని, డిగ్రీ చదివినదాన్ని, నాకు ఇంకొకరు పూచీ!

2025 జూన్లో ప్యారిస్ చేరాను. చేతిలో ఉప్పాడ చీర, కాకినాడ కాజాలు. పాలకోవా కూడా సర్దుకున్నాను గానీ, పాలతోనూ మాంసంతోనూ చేసినవి బయటి దేశాల నుంచి ఐరోపాలోకి తేనివ్వరని స్నేహితురాలు ముందే హెచ్చరించడంతో ఇంట్లోనే తీసేశాను. వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి. ప్యారిస్ నుంచి రైల్లో వాళ్ల ఊరికి వెళ్లాం. లువార్ ఫ్రాన్సులో అన్నిటికన్నా పొడవైన నది, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. అయితే మన గోదావరి ఇంకా పొడవు. ఇసుక తిన్నెలు చూడగానే ప్రాణం లేచొచ్చింది.

పెళ్లి శనివారం. మనకు పెళ్లంటే కళ్యాణ మండపం. అక్కడ చట్టం ఒప్పుకునే పెళ్లి మేయరు కార్యాలయంలో జరిగేదొక్కటే. చర్చిలో చేసుకోవాలనుకునేవాళ్లు కూడా ముందు ఇక్కడ చేసుకుని తీరాలి. పెళ్లి సంగతి పది రోజుల ముందే కార్యాలయం దగ్గర కాగితం అంటించి ప్రకటించారు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోవచ్చన్నమాట. పెళ్లి జరుగుతున్నంతసేపూ హాలు తలుపులు తెరిచే ఉంచారు. ఎందుకంటే పెళ్లి రహస్యంగా జరగకూడదు.

పెళ్లికూతురు తెల్ల గౌను వేసుకుని, మేలిముసుగు మాత్రం తాను నేసుకున్న జాందానీ బట్టతో కుట్టించుకుంది. ఉప్పాడ మగ్గం మీది పువ్వులు ఆమె తల మీద! నాకు కళ్లనీళ్లు ఆగలేదు. మేయరుగారు నీలం, తెలుపు, ఎరుపు రంగుల పట్టీ కట్టుకుని నిలబడి, చట్టంలోని నిబంధనలు చదివారు. భార్యాభర్తలు ఒకరినొకరు గౌరవించుకోవాలి, నమ్మకంగా ఉండాలి, ఆదుకోవాలి, కుటుంబాన్ని ఇద్దరూ కలిసి నడపాలి. ఇది మంత్రం కాదు, చట్టం! తర్వాత ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగారు, ఇష్టమేనా అని. "వీ" అంది మా పిల్ల గట్టిగా. అంటే "ఔను" అని. వాళ్ల మూడేళ్ల బుడుగు ఉంగరాల డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. సాక్షులు సంతకాలు పెట్టారు. అరగంటలో పెళ్లయిపోయింది.

ఆ "వీ" వినగానే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమె పెళ్లి కూడా ఫ్రెంచి జెండా కిందే జరిగింది మరి! 1930 ఏప్రిల్ నుంచి శారదా చట్టం అమల్లోకి వచ్చి, బ్రిటిషు ఇండియాలో పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరమైంది. యానాం ఫ్రెంచివాళ్లది, అక్కడ ఆ చట్టం చెల్లదు. ఇంకేం, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిల్లల్ని బళ్లలో వేసుకుని యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చేవారు. అందుకే యానానికి కళ్యాణపురం అనే పేరొచ్చింది. 1939లో అలా వెళ్లిన బళ్లలో ఒకదాన్లో మా అమ్మమ్మ ఉంది. వయసు తొమ్మిదేళ్లు. ముహూర్తం వేళకు నిద్రపోతే లేపి కూర్చోబెట్టారట. "నన్నెవరడిగారే? లేచేసరికి మెళ్లో తాడుంది" అని నవ్వుతూ చెప్పేది. చిన్నప్పుడు మేమూ నవ్వేవాళ్లం.

సాయంత్రం విందు. కేకు బదులు, పాకంతో అతికించి గోపురంలా పేర్చిన క్రీము ఉండలు, చక్కెర పట్టించిన బాదం గింజల పొట్లాలు. రాత్రి పది దాటినా వెలుగు పోలేదు. నా కోసం విడిగా కూరగాయలు వండించారు. పెళ్లికూతురి అమ్మమ్మ పక్కనే కూర్చున్నాను. ఎనభై ఆరేళ్లావిడ. నా చీర కొంగు తడిమి చూస్తూ కబుర్లు చెబుతుంటే పెళ్లికూతురే మధ్యమధ్య వచ్చి తెలుగులో చెప్పింది. ఆవిడకు 1961లో పెళ్లయిందట. దర్జీ పని చేసి సంపాదించేదట. కానీ భర్త ఒప్పుకుంటే తప్ప తన పేరున బ్యాంకు ఖాతా తెరవడానికి లేదు. భర్త వద్దంటే ఉద్యోగానికీ లేదు. 1965 జూలైలో చట్టం మారింది. అది అమల్లోకి రాగానే బ్యాంకుకెళ్లి ఖాతా తెరిచింది. "మా ఆయన మంచివాడే. అడిగితే సంతకం పెట్టేవాడే. కానీ అడగక్కర్లేకపోవడం వేరు" అందావిడ.

నా వీసా కాగితాలు కళ్లముందు కదిలాయి. ఫ్రాన్సు అంటే ఆడవాళ్లకు అన్నీ పుట్టుకతోనే అమిరిపోయాయనుకునేదాన్ని. వాళ్లూ మొన్న మొన్ననే తెచ్చుకున్నారన్నమాట!

తిరిగొచ్చాక రెండు పనులు చేశాను. కథలకు వచ్చే డబ్బు ఇంటి ఖర్చుల్లో కలపకుండా నా ఖాతాలో వేసుకోవడం మొదలుపెట్టాను. మావారితో ఆ మాట చెప్పడానికి రెండు రోజులు పట్టింది. "ఇన్నాళ్లూ వేసుకోకపోవడమే తప్పు" అని ఆయన తేలిగ్గా అనేశారు. రెండో పని, పదమూడేళ్ల మా అమ్మాయిని యానాం తీసుకెళ్లి, గోదావరి గట్టున కూర్చోబెట్టి వాళ్ల ముత్తవ్వ పెళ్లి కథ చెప్పాను. అది నవ్వలేదు. "తొమ్మిదేళ్లకా?" అని చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది.

అత్తయ్య మాత్రం పెళ్లి ఫొటోలు మళ్లీ మళ్లీ చూస్తూనే ఉంది. తాళి లేదు, తలంబ్రాలు లేవు, పప్పన్నమైనా పెట్టలేదు అని వంకలన్నీ పెట్టాక, ఫోను నా చేతికిస్తూ మెల్లిగా అంది.

"పిల్లని అందరి ముందూ నిలబెట్టి ఇష్టమేనా అని అడిగారన్నావే, అది మాత్రం బావుందే అమ్మాయ్."