రంగుటద్దాల కిటికీలలో జంతు సంకేతాలు: సంఘానికి వివరించుట ఎలా?

ఉపోద్ఘాతము

పత్తికొండ పరిసర గ్రామాల సంఘాలలో గొఱ్ఱెల కాపరులు, ఎద్దులతో సేద్యం చేసేవారు ఉన్నారు. వారిలో ఒకరు ఏదైనా పెద్ద దేవాలయపు రంగుటద్దాల కిటికీలో ఎద్దును, సింహమును చూచి, "అయ్యగారూ, దేవుని మందిరంలో ఇవెందుకు?" అని అడిగితే మనమేమి చెప్పాలి? ఇది విగ్రహారాధన కాదని చెప్పి ఊరుకొనుట చాలదు. ఆ జంతువుకు అర్థమిచ్చేది వాక్యమేనని చూపాలి.

కిటికీలోని బోధ

తెలుగు నేలపై ఇట్టి కిటికీలకు ప్రసిద్ధమైనది 1924లో ప్రతిష్ఠింపబడిన మెదక్ కెథడ్రల్. క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము అక్కడి మూడు పెద్ద కిటికీలలో కనబడతాయి. సాధారణంగా రంగు గాజు ముక్కలను సీసపు పట్టీలతో కూర్చి ఇటువంటివి చేస్తారు. గాజుపై ఎక్కువ మాటలకు చోటుండదు కనుక చిత్రకారుడు గుర్తులతో బోధిస్తాడు.

పాశ్చాత్య జనన చిత్రాలలో తొట్టి ప్రక్కన ఎద్దు, గాడిద తరచుగా ఉంటాయి. లూకా 2వ అధ్యాయంలో తొట్టి ఉన్నది గాని అవి లేవు. వాటికి ఆధారము యెషయా 1:3. పశువులు సహితము యజమానుని గుర్తించగా ప్రజలు గుర్తించలేదన్న గద్దింపు ఆ చిత్రంలో దాగియున్నది.

నాలుగు జీవులు

యెహెజ్కేలు 1, ప్రకటన 4 అధ్యాయాలలోని జీవులను 2వ శతాబ్దపు ఐరేనియస్ నాలుగు సువార్తలతో పోల్చాడు. ఆయన సింహమును యోహానుకు, పక్షిరాజును మార్కుకు ఇచ్చాడు. 4వ శతాబ్దాంతంలో జెరోమ్ చెప్పిన వరుస పశ్చిమ సంఘంలో స్థిరపడింది. వంశావళితో ఆరంభించిన మత్తయికి మనుష్యుడు, అరణ్యంలోని కేకతో ఆరంభించిన మార్కుకు సింహము, యాజకుడైన జెకర్యాతో ఆరంభించిన లూకాకు ఎద్దు, పైకెగసి ఆదివాక్యమును చూచిన యోహానుకు పక్షిరాజు. పితరులే భిన్నంగా చెప్పారు గనుక వీటిని సిద్ధాంతముగా గాక బోధనా సాధనాలుగా ఎంచాలి. ఎద్దును చూడగానే మన రైతుకు కాడి, లేదా నంది గుర్తుకు రావచ్చు. లూకా ఎద్దు బలిపీఠమును సూచిస్తుంది.

గొఱ్ఱెపిల్ల

అన్నిటికంటె జాగ్రత్తగా వివరించవలసినది ఇది. గొఱ్ఱెపిల్లను చూచినవారికి జాతరలో కోసే పొట్టేలు తలపునకు రావచ్చు. అక్కడ మనిషి దేవతకు పశువును తెస్తాడు. యోహాను 1:29లో దేవుడే గొఱ్ఱెపిల్లను అనుగ్రహించాడు. హెబ్రీ 10:10 ప్రకారము ఆ అర్పణ ఒక్కసారే జరిగింది. అందుకే అనేక కిటికీలలో ఆ గొఱ్ఱెపిల్ల గాయముతోనే, విజయ పతాకముతో నిలిచియుంటుంది. ప్రకటన 5:5-6లో యోహాను సింహమును గూర్చి విని, వధింపబడిన గొఱ్ఱెపిల్లను చూచాడు. సింహపు జయము సిలువ ద్వారానే కలిగింది. అదే సింహము 1 పేతురు 5:8లో అపవాదికి పోలిక అని మరువరాదు.

ముగింపు

కాబట్టి మనము మొదట ఆ విశ్వాసికి తన పశువును గూర్చి తెలిసినది చెప్పనివ్వాలి. పిమ్మట, ఇది ఏ వచనములోనిది, చిత్రంలో ఏమి చేయుచున్నది, ఎవరిని చూపుచున్నది అని అడిగి, గ్రంథము తెరచి చదివించాలి.