ఇరవై ఏళ్లకే మూతపడిన రిచ్‌ఫీల్డ్ కొలీజియం

అమెరికాలోని ఓహియో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్, ఏక్రన్ నగరాల నడుమ, 271వ నంబరు రహదారికి చేరువలో విశాలమైన పచ్చిక మైదానం ఒకటి ఉంది. 20 వేల మందికి పైగా కూర్చునే ఇండోర్ స్టేడియం ఒకప్పుడు అక్కడ ఉండేదంటే కొత్తవారు నమ్మడం కష్టం. 1974లో ప్రారంభమై, 1994లో మూతపడి, 1999లో నేలమట్టమైన ఆ కట్టడం పేరు రిచ్‌ఫీల్డ్ కొలీజియం. అది శిథిలమై కూలిపోలేదు. ప్రేక్షకులు మొహం చాటేసినందువల్ల మూతపడనూ లేదు. ఊరి వెలుపల ఓ వ్యాపారి సాహసంతో వెలసిన సౌధాన్ని, ఊరి నడిబొడ్డున ప్రజాధనం తోడుగా లేచిన మరో సౌధం నిరుపయోగం చేసింది.

కొలీజియం సూత్రధారి నిక్ మైలేటి. క్లీవ్‌లాండ్ కెవలియర్స్ బాస్కెట్‌బాల్ జట్టును 1970లో నెలకొల్పినది ఆయనే. జట్టు అప్పట్లో యూక్లిడ్ అవెన్యూలోని పాత స్టేడియంలో ఆడేది. 1937 నాటి ఆ భవనం ఇరుకు. కార్లు నిలిపేందుకు చోటు కరువు. మరోవైపు నగరమే తరిగిపోతోంది. 1950లో 9,14,808గా ఉన్న క్లీవ్‌లాండ్ జనాభా 1970 నాటికి 7,50,903కు పడిపోయింది. స్తోమత గల కుటుంబాలు శివార్లకు తరలిపోతున్నాయి. ప్రేక్షకుడు ఎటు వెళుతుంటే ఆటా అటే వెళ్లాలన్నది మైలేటి తర్కం. క్లీవ్‌లాండ్ దక్షిణానికి, ఏక్రన్ ఉత్తరానికి విస్తరించి ఏనాటికైనా కలిసిపోతాయనీ, ఆనాడు తన స్టేడియం ఆ మహానగరానికి నట్టనడుమ నిలుస్తుందనీ ఆయన అంచనా వేశారు. ఉభయ నగరాల వారికీ అనువుగా ఉంటుందని పొలాల మధ్య స్థలం ఎంచుకున్నారు.

1974 అక్టోబరు 26న ఫ్రాంక్ సినాత్రా కచేరీతో కొలీజియం ప్రారంభమైంది. ఆ రాత్రి గాయకుడి గళం ఎంత చర్చనీయాంశమైందో, రెండు వరుసల రోడ్డుపై కిలోమీటర్ల కొద్దీ బారులు తీరిన కార్లు కూడా అంతే చర్చనీయాంశమయ్యాయి. స్టేడియం ఉన్నంత కాలం ఈ బాధ దానిని వదలలేదు. మంచు కురిసే శీతకాలపు రాత్రులలో ఆట చూసి ఇల్లు చేరడం ప్రేక్షకులకు ఓ పరీక్షగా ఉండేది.

అసలు దెబ్బ మరో రెండు నెలలకే తగిలింది. 1969లో చమురు తెట్టుకు నిప్పంటుకుని అపఖ్యాతి మూటగట్టుకున్న కయహోగా నది లోయను కాపాడాలని ప్రకృతి ప్రేమికులు అప్పటికే ఉద్యమిస్తున్నారు. పొలాల మధ్య లేచిన కొలీజియాన్ని చూశాక వారి ఆందోళన మరింత పెరిగింది. ఏక్రన్ ప్రాంత ప్రతినిధి జాన్ సైబర్లింగ్ కృషితో లోయను జాతీయ విహార ప్రాంతంగా ప్రకటించే బిల్లుపై అధ్యక్షుడు ఫోర్డ్ 1974 డిసెంబరు 27న సంతకం చేశారు. అలా సుమారు 33 వేల ఎకరాల ప్రాంతానికి రక్షణ లభించింది. రెండు నగరాలూ కలిసిపోతాయన్న మైలేటి లెక్క అక్కడే తప్పింది. చుట్టూ హోటళ్లు, దుకాణాలు, కాలనీలు రావలసిన చోట అడవి మిగిలింది. కొలీజియం ఒంటరిగా నిలిచిపోయింది.

అయినా ఆ ఇరవై ఏళ్లలో అక్కడ జరిగిన ఘట్టాలు తక్కువేమీ కావు. 1975 మార్చి 24న ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ మహమ్మద్ అలీ అంతగా పేరులేని చక్ వెప్నర్‌తో తలపడింది ఇక్కడే. వెప్నర్ నెగ్గుతాడని అనుకున్నవారు బహుస్వల్పం. అతడు అలీని ఒకసారి నేలపై పడేయడమే కాక, ఆఖరిదైన 15వ రౌండు ముగియడానికి 19 సెకన్ల ముందు వరకూ నిలబడ్డాడు. ఆ పోరు చూసిన సిల్వెస్టర్ స్టాలోన్‌కు 'రాకీ' చిత్రం ఊహ తట్టింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 29న కెవలియర్స్ జట్టు నిర్ణాయక ఏడో ఆటలో వాషింగ్టన్ బులెట్స్‌ను 87-85 తేడాతో ఓడించింది. ఆ సిరీస్ స్థానికుల నోట 'మిరకిల్ ఆఫ్ రిచ్‌ఫీల్డ్'గా స్థిరపడింది. చేదు జ్ఞాపకమూ ఇక్కడిదే. 1989 మే 7న ఆఖరి క్షణంలో మైకేల్ జోర్డాన్ వేసిన బంతి ఒక్క పాయింటు తేడాతో ఆతిథ్య జట్టును ఇంటికి పంపింది. లారీ బర్డ్ తన చివరి ఎన్‌బీఏ ఆట ఆడింది కూడా 1992లో ఈ గడ్డపైనే.

హాకీ మాత్రం కలిసిరాలేదు. 1976లో కాలిఫోర్నియా నుంచి తరలివచ్చిన బారన్స్ జట్టు రెండేళ్లకే మరో జట్టులో విలీనమైంది. కట్టడంలోనూ లోపాలున్నాయి. ధనికుల కోసం ఉద్దేశించిన ప్రత్యేక గదులను ఆటకు దగ్గరగా కాక అన్నిటికంటే పై అంతస్తులో నిర్మించారు. కింది, పై వరుసల వారందరికీ నడవ ఒక్కటే కావడంతో విరామ సమయంలో తొక్కిసలాటే.

కాలక్రమంలో కొలీజియం, 1983లో కెవలియర్స్ జట్టు గండ్ సోదరుల చేతికి వచ్చాయి. ఈలోగా నగర పెద్దలు కేంద్ర ప్రాంతానికి జీవం పోసేందుకు 'గేట్‌వే' పథకం తెచ్చారు. బేస్‌బాల్‌కొకటి, బాస్కెట్‌బాల్‌కొకటి చొప్పున రెండు స్టేడియాలు కట్టి, ఖర్చులో కొంత భాగాన్ని మద్యం, సిగరెట్లపై 15 ఏళ్ల పన్నుతో రాబట్టాలన్నది యోచన. 1990 మేలో కయహోగా కౌంటీ ఓటర్ల తీర్పు కోరారు. క్లీవ్‌లాండ్ నగరవాసులలో అధికులు కాదన్నా, శివారు ఓట్లతో పథకం స్వల్ప ఆధిక్యంతో గట్టెక్కింది. రిచ్‌ఫీల్డ్ పొరుగున ఉన్న సమిట్ కౌంటీలోనిది కావడంతో, నష్టపోయే ఊరికి ఓటే లేకపోవడం గమనార్హం. సొంత భవనం ఉన్న యజమానులే దానిని వదిలి, ప్రజాధనం తోడుగా కట్టిన భవనంలోకి అద్దెకు మారారు. వ్యాపార దృష్టితో చూస్తే వారిని తప్పుపట్టలేం. ఆ వెసులుబాటు కల్పించిన విధానమే ప్రశ్నార్హం.

1994 సెప్టెంబరు 1న రోజర్ డాల్ట్రీ కచేరీ కొలీజియంలో ఆఖరి కార్యక్రమం. ఆ అక్టోబరులోనే నగరంలో గండ్ ఎరీనా తలుపులు తెరుచుకున్నాయి. ఐదేళ్లపాటు ఖాళీగా పడి ఉన్న కొలీజియం స్థలాన్ని 1999లో ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ సంస్థ సేకరించింది. భవనాన్ని పడగొట్టిన తర్వాత ఆ నేల పక్కనే ఉన్న విహార ప్రాంతంలో కలిసింది. 2000లో ఆ ప్రాంతమంతా జాతీయ ఉద్యానవనమైంది. మైదానాల్లో గూళ్లు కట్టే బోబోలింక్, మెడోలార్క్, హెన్స్‌లో పిచ్చుక వంటి అరుదవుతున్న పక్షులు అక్కడికి చేరడంతో, పక్షి ప్రేమికులు దుర్భిణులు పట్టుకుని రావడం మొదలుపెట్టారు.

పదిహేనేళ్ల కోసమని విధించిన పన్ను మాత్రం ఆగలేదు. 1995లో ఫుట్‌బాల్ స్టేడియం కోసం ఒకసారి, 2014లో మరో 20 ఏళ్లకు ఇంకోసారి ఓటర్లు దానిని పొడిగించారు. ఇంతలో గాలి మళ్లీ శివార్ల వైపు తిరిగింది. నగరాన్ని వీడి శివారు బ్రూక్‌పార్క్‌లో పైకప్పు గల స్టేడియానికి తరలిపోనున్నట్లు బ్రౌన్స్ ఫుట్‌బాల్ జట్టు యాజమాన్యం 2024 అక్టోబరులో తేల్చిచెప్పింది. అయితే ఈసారి మైలేటి బాట పట్టలేదు. 2025 జూన్‌లో ఆమోదం పొందిన రాష్ట్ర బడ్జెట్ ఆ నిర్మాణానికి 60 కోట్ల డాలర్లు కేటాయించింది. బ్యాంకులు తదితర సంస్థల నుంచి ఎవరూ అడగక రాష్ట్ర ఖజానాకు చేరిన ప్రజల సొమ్ము అది. దానిని ఇలా వాడడంపై కొందరు పౌరులు కోర్టుకెక్కారు.