వాన లెక్క ఏ తరగతి పాఠం?

ముదిగుబ్బ మెట్టపొలాల్లో చెనిక్కాయ (వేరుశనగ) వేసే రైతుకు వాన అంటే పదును, విత్తనం వేయడానికి సరిపడా తడి. ఆ ఊరున్న ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూనే ఉంటుంది. ఈ ఒక్క అంకెను పట్టుకుని బడి మెట్లెక్కితే, ఏ తరగతిలో ఏం నేర్పాలో తేటగా తెలుస్తుంది. రెండో తరగతి పిల్లకు ‘పదును’ అన్న మాట తడుముకోకుండా చదవడం, అంకెలు గుర్తుపట్టడం రావాలి. అయిదుకొచ్చేసరికి వర్షమాపకంలో నీళ్లు ఏ గీత దగ్గర ఆగాయో చూసి రాసుకోవాలి. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు కురిస్తే సుమారు 4,047 లీటర్లని ఎనిమిదిలో తానే లెక్కగట్టాలి. సగటు వాన పడిన ఏడు కూడా పంట ఎందుకు ఎండిందని పదిలో అడగాలి. ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే ఆ నష్టం తర్వాతి వానలతో పూర్తిగా పూడదని అప్పుడు అర్థమవుతుంది. డిగ్రీలో, ఈ నేలకు చెనిక్కాయ ఒక్కటే దిక్కా, కొర్ర సంగతేమిటని ఆధారాలతో వాదించాలి.

జ్ఞాపకం, అవగాహన, ఆలోచన అని బీఈడీ పాఠాల్లో చెప్పే బోధన స్థాయులు ఇవే. బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో విద్యా లక్ష్యాలను ఇలాగే ఆరు మెట్లుగా విడదీసింది. అలాగని చిన్నపిల్లలు ‘ఎందుకు’ అని అడగకూడదని కాదు. వాళ్లు అడుగుతూనే ఉంటారు, అడగనివ్వాలి కూడా. కానీ ఏ స్థాయి బాధ్యత ఆ స్థాయిది. చదవడం, లెక్కలు రాకపోతే మిగతా విధానమంతా అక్కరకు రాదని 2020 జాతీయ విద్యా విధానమే ఒప్పుకుంది. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024లో చూస్తే, దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే.

కరువొస్తే బెంగళూరుకు కూలికి పోయే ఇళ్లకు మార్కులే దారి కదా, ఆలోచన నేర్పడం కలిగినవాళ్ల ముచ్చట కదా అనవచ్చు. మార్కులతో సీటొస్తుంది, నిజమే. కానీ చదివింది అర్థంకాని పిల్లవాడు ఆ సీటులో నిలదొక్కుకోలేడు. ఇంటర్ తర్వాతి పోటీ పరీక్షను ఆరో తరగతి నెత్తిన పెట్టడం వల్ల నష్టపోయేది ముందుగా ఈ ఇళ్ల పిల్లలే. వాళ్లకు ఇంట్లో చెప్పేవాళ్లు ఉండరు. ఒక్క టీచరు రెండు మూడు తరగతులు చూసేచోట ఇదంతా సాధ్యమా అన్నది న్యాయమైన ప్రశ్న. రోజుకో గంట తరగతిని పక్కనపెట్టి, చదవగలిగే స్థాయిని బట్టి పిల్లల్ని కూర్చోబెడితే కొంతైనా సాధ్యమే. ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కులు తర్వాత అడగండి. ముందు మీ బిడ్డ చేత ఒక పేజీ చదివించి, ఏం అర్థమైందో చెప్పించండి.