28 స్థానముల ధర్మసంకటము

2013 డిసెంబరు 8వ తేదీన ఢిల్లీ శాసనసభ ఎన్నికల ఫలితములు వెలువడగా, పుట్టి ఏడాది మాత్రమే నిండిన ఆమ్ ఆద్మీ పార్టీ 70 స్థానములలో 28 గెలుచుకొని, 15 ఏండ్లుగా ముఖ్యమంత్రి పదవి నలంకరించిన షీలా దీక్షిత్‌ను ఆమె నియోజకవర్గముననే ఓడించి, దేశమునంతను విస్మయమున ముంచెను. కాని అధికారమునకు కావలసినవారు 36 మంది. భారతీయ జనతా పార్టీకి 31, దాని మిత్రపక్షమగు అకాలీదళమునకు 1, కాంగ్రెసునకు 8 లభించినవి. తక్కిన రెండింటిలో నొకటి జనతాదళ్ యునైటెడ్‌కును, ఇంకొకటి స్వతంత్రునకును పోయినవి. మన తెలుగుదేశము 1982 మార్చిలో పుట్టి మరుసటి జనవరిలోనే నిస్సంశయమైన ఆధిక్యముతో గద్దె నెక్కినది గనుక దాని కిట్టి పరీక్ష ఎదురుకాలేదు. ఆమ్ ఆద్మీ పార్టీ నాయకుడు అరవింద్ కేజ్రీవాల్ కెదురైనది.

సంఖ్యాబలము లేదని చెప్పి భారతీయ జనతా పార్టీ నాయకుడు హర్షవర్ధన్ ప్రభుత్వ స్థాపనకు నిరాకరించెను. పిదప లెఫ్టినెంట్ గవర్నరు నజీబ్ జంగ్ కేజ్రీవాల్‌ను పిలిచెను. అంతలో కాంగ్రెసు, ఎవరును కోరకయే, తన 8 మంది మద్దతును బయటినుండి ఇత్తుమని లేఖ పంపెను. ఎవరి అవినీతిని ఖండించి ఓట్లడిగిరో, ఎవరి మద్దతును తీసికొనమనియు ఎవరికిని ఈయమనియు ఊరూర ప్రకటించిరో, ఆ కాంగ్రెసే ఇపుడు చేయి చాచినది!

బయటినుండి మద్దతన నేమి? మద్దతిచ్చువారు సభలో ఓటు వేయుదురు గాని మంత్రి పదవులు గైకొనరు. కావున పాలనలోని మంచిచెడ్డలకు బాధ్యులు కారు, ఏ దినమున విసుగు పుట్టిన నా దినముననే వైదొలగ వచ్చును. తాళపుచెవి పరుల కొంగున నున్న ఇంటిలో కాపురము వంటిది. ఇట్టి మద్దతును నమ్మి ప్రధానులైన వారిలో 1979లో చరణ్ సింగ్ పార్లమెంటు ముఖమైనను చూడకయే రాజీనామా చేయవలసివచ్చెను. చంద్రశేఖర్ నాలుగు నెలలు మాత్రము నిలిచెను. 1997లో దేవెగౌడయు గుజ్రాలును ఒకరి వెనుక నొకరు పడిపోయిరి. నలువురకును ఆధారమై, పిదప తొలగిపోయినది కాంగ్రెసే.

అట్లని నిరాకరించుటయు సులభము కాదు. నీటిని ఉచితముగ నిత్తుము, విద్యుత్తు ఛార్జీలను సగమునకు తగ్గింతుము అని చెప్పి ఓట్లు పొందినవారు, ఆ మాటను చెల్లించుకొను అవకాశము వాకిట నిలిచినపుడు మరల ఎన్నికలకు పోదమనిన, ఇరుకు బస్తీలలో బిందెలతో నీటి ట్యాంకరు కొఱకు వేచియుండు స్త్రీకి ఏమని సమాధానము చెప్పగలరు? ఒక వాగ్దానము తమ శీలమునకు సంబంధించినది. మరియొకటి పరుల దైనందిన కష్టమునకు సంబంధించినది. ఈ రెండవదియే బరువైనదని నా దృఢవిశ్వాసము.

కేజ్రీవాల్ పది దినముల గడువు కోరి, 18 అంశములతో కాంగ్రెసు అధ్యక్షురాలు సోనియా గాంధీకిని, భారతీయ జనతా పార్టీ అధ్యక్షుడు రాజ్‌నాథ్ సింగ్‌కును లేఖలు వ్రాసెను. వానిలో 16 పాలనాపరమైనవే, శాసనసభతో పనిలేదని కాంగ్రెసు బదులు చెప్పెను. అంతట పార్టీవారు ప్రజలనే అడుగ నిశ్చయించి, కరపత్రములు పంచి, ఫోను సందేశములు స్వీకరించి, నగరమంతట 280 సభలు జరిపిరి. బదులిచ్చిన ఢిల్లీవారిలో నూటికి 74 మంది ప్రభుత్వము నేర్పరుపుడనిరి. డిసెంబరు 28న రామ్‌లీలా మైదానమున ప్రమాణస్వీకారము జరిగెను; జనవరి 2న 37 మంది ఓట్లతో విశ్వాసపరీక్షయు గడచెను.

ప్రజల నడుగుట మెచ్చదగినదే. కాని అడిగిన ప్రశ్న అసంపూర్ణము. ప్రభుత్వము నేర్పరుపవలెనా వలదా అని మాత్రమే అడిగిరి. అవినీతిని అరికట్టుటకై పార్టీ తలపెట్టిన జన్ లోక్‌పాల్ బిల్లు అడ్డగింపబడినచో గద్దె దిగవలెనా, లేక నీటి, విద్యుత్తు పనులు సాగించుచు వేచియుండవలెనా అని అడుగలేదు. పోలీసును, భూమియు కేంద్రము చేతనే యుండి, బిల్లునకు ముందుగా కేంద్రానుమతి కావలెనని లెఫ్టినెంట్ గవర్నరు భావించు ఢిల్లీలో ఈ ఘట్టము వచ్చి తీరునని ముందే ఊహింపదగును. ఫిబ్రవరి 14న బిల్లును ప్రవేశపెట్టుటకే 42 మంది అడ్డుపడగా, అనుకూలురు 27 మందియే అయిరి. ఆ రాత్రియే కేజ్రీవాల్ రాజీనామా చేసెను. ప్రభుత్వము నిలిచినది 49 దినములు.

లోనికి పోవునపుడు ప్రజల నడిగినవారు వెలికి వచ్చునపుడు అడుగలేదు. ఢిల్లీవాసుల మనస్సును నొప్పించినది కాంగ్రెసు మద్దతు గైకొనుట కాదు, చెప్పకుండ వెడలిపోవుటయే యని నా తలంపు. ఇది కేజ్రీవాల్‌కును పిదప తెలియవచ్చినది. ఆయన బహిరంగముగ క్షమాపణ చెప్పుకొనెను. 2015 ఫిబ్రవరిలో మరల ఎన్నికలు జరిగినపుడు ఢిల్లీ ఆయనకు 67 స్థానము లిచ్చెను. కాంగ్రెసున కొక్కటియు దక్కలేదు.